పదివేల సైకిలుకి పాతికవేల సోకులు!

ఆదివారం ఉదయం. హైదరాబాద్‌ అవుటర్‌ రింగురోడ్డు పక్కన, సోలార్‌ పలకల నీడలో సాగే సైకిల్‌ ట్రాక్‌. 2023 అక్టోబరులో ప్రారంభించినప్పుడు దీని పొడవు 23 కిలోమీటర్లు. ఇలాంటి చోట తొక్కేటప్పటి సందడి సరే, తొక్కడం అయ్యాక టీ కొట్టు దగ్గర మొదలయ్యే ముచ్చట్లు వినాలి. సైకిళ్లన్నీ గోడకి ఆనించి అందరూ వాటి చుట్టూ చేరతారు. ఒకరు వంగి టైరు నొక్కి చూస్తారు. ఇంకొకరు ఏకంగా సైకిల్ని ఒంటిచేత్తో ఎత్తి బరువు చూస్తారు. ‘కొత్త చక్రాలా అన్నా... ఎంత పడ్డయ్‌?’ అంటాడో కుర్రాడు. రేటు చెప్పేముందు ఆ అన్న ఓసారి అటూ ఇటూ చూసుకుంటాడు. ఇంట్లో చెప్పిన రేటు వేరు మరి!

ఈ జబ్బు పేరు ‘అప్‌గ్రేడ్‌’. కొన్న సైకిల్ని కొన్నట్టు ఉంచలేకపోవడం దీని ప్రధాన లక్షణం. ముందు సీటు మారుతుంది. తర్వాత పెడళ్లు. ఆ తర్వాత టైర్లు, గేర్లు, ఫోర్కు... చివరికి అసలు సైకిల్లో మిగిలేది ఫ్రేమూ, దానిమీద కంపెనీ పేరూ. కొన్నాళ్లకి ఆ ఫ్రేమూ మారుతుంది.

నవ్వుకోకండి. ఇదేమంత కొత్త పిచ్చి కాదు. చువ్వలకి రంగురంగుల పూసలు, సీటుకి కుచ్చుల కవరు, ముందు చక్రానికి డైనమో... ఇవన్నీ తగిలించుకుని బడికెళ్లినవాళ్లు మీ ఇంట్లోనే ఉండి ఉంటారు. చక్రం తిరిగితే టపటపమని మోటారు చప్పుడు రావాలని చువ్వలకి తగిలేలా అట్టముక్క కట్టిన ఘనులూ ఉంటారు. అడగండి, చెబుతారు!

పొగలు కక్కిన బ్రేకు

ఆ మాటకొస్తే, ఇప్పుడు పిల్లలు ముచ్చటపడి కొనిపించుకునే మౌంటెన్‌ బైకు పుట్టిందే ఈ పిచ్చిలోంచి. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్‌ కౌంటీలో కొందరు కుర్రాళ్లకి టామల్పయిస్‌ అనే కొండ మీంచి మట్టిదారుల్లో సైకిళ్లమీద దూసుకురావడం సరదా. అందుకు వాళ్లు వాడినవి పాత కాలపు లావు టైర్ల ష్విన్‌ సైకిళ్లు. ఒకటే గేరు. బ్రేకు వెనక చక్రం ఇరుసులో. పెడల్ని వెనక్కి తొక్కితే పడుతుంది. కొండ దిగేసరికి ఆ బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగలు కక్కేది. కిందికి రాగానే ఇరుసు విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సిందే. ఇంగ్లిషులో ఆ పనిని ‘రీప్యాక్‌’ అంటారు కాబట్టి 1976లో ఆ ప్రాంతంలో మొదలైన పందేనికీ అదే పేరు స్థిరపడిపోయింది.

పందెం అన్నాక ఊరుకుంటారా! ఒకరు మోటారు సైకిలు బ్రేకు లీవర్లు బిగించారు. ఇంకొకరు గేర్లు తగిలించారు. ఒకరిది చూసి ఒకరు, దాన్ని మెరుగుపరిచి మరొకరు. 1977లో జో బ్రీజ్‌ అనే యువకుడు కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. గ్యారీ ఫిషర్‌, టామ్‌ రిచీ లాంటివాళ్లు దాన్ని వ్యాపారంగా మార్చారు. 1981లో స్పెషలైజ్డ్‌ కంపెనీ ‘స్టంప్‌జంపర్‌’ని పెద్దసంఖ్యలో తయారుచేసి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌ నాటికి మౌంటెన్‌ బైకింగ్‌ పతకాల ఆటైపోయింది. అంతా పాత సామాన్ల కొట్టు సరుకుతో మొదలైన కథే.

రోడ్డు సైకిళ్ల వాళ్లకీ ఓ పురాణం ఉంది. 1989 జులై 23. టూర్‌ ద ఫ్రాన్స్‌ పోటీలో ఆఖరి రోజు. వెర్సాయ్‌ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు గడియారంతో పోటీపడి ఒంటరిగా తొక్కాలి. అప్పటికి ఫ్రాన్స్‌ వీరుడు లారాన్‌ ఫిన్యోన్‌ 50 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. అమెరికన్‌ గ్రెగ్‌ లెమాండ్‌ మాత్రం ట్రయథ్లాన్‌ ఆటగాళ్లు వాడే పొడుగాటి హ్యాండిల్‌ బిగించుకొచ్చాడు. మోచేతులు దగ్గరగా పెట్టి దానిమీద వంగితే ఎదురుగాలి తక్కువ తగులుతుంది. నెత్తిన గాలిని చీల్చే హెల్మెట్‌ కూడా. ఫిన్యోన్‌ది మామూలు హ్యాండిల్‌, తలమీద హెల్మెట్‌ లేదు, వెనక జుట్టుపిలక గాల్లో ఎగురుతోంది! ఫలితం... మూడు వారాలు, 3,200 కిలోమీటర్లకు పైగా సాగిన పోటీని లెమాండ్‌ గెలిచింది 8 సెకన్ల తేడాతో. ‘చూశారా, హ్యాండిల్‌ మారిస్తే ఏమవుతుందో’ అని ఇప్పటికీ భార్యల దగ్గర ఈ కథ చెప్పుకుని బతికిపోయే భర్తలుంటారు. అయితే లెమాండ్‌ ఆ రోజు గంటకి సగటున 54.5 కిలోమీటర్ల వేగంతో తొక్కాడు. మన అన్న తొక్కేది ఇరవై!

ఒక్క గేరు కోసం...

అసలు చిక్కు ఇక్కడే. పదీ పన్నెండు వేలు పెట్టి మామూలు గేర్ల సైకిలు కొన్నారనుకుందాం. ముందు మూడు, వెనక ఏడు... మొత్తం 21 గేర్లు. నాలుగు వారాలు తొక్కాక పక్కవాడి సైకిలు వెనక తొమ్మిది పళ్లచక్రాలు కనిపిస్తాయి. మనకీ కావాలనిపిస్తుంది. షాపుకెళితే మెకానిక్‌ పెదవి విరుస్తాడు. చవక సైకిళ్లలో పళ్లచక్రాల ముద్దని ఇరుసుకి మరలాగా తిప్పి బిగిస్తారు. తొమ్మిది గేర్ల క్యాసెట్‌ దానికి పట్టదు. హబ్బు మార్చాలి. హబ్బు మారిస్తే చువ్వలు విప్పి చక్రం మళ్లీ అల్లాలి. దానికన్నా కొత్త చక్రమే నయం. తొమ్మిది గేర్లకి చైను సన్నది కావాలి. హ్యాండిల్‌ మీద మీట మారాలి. వెనక డీరైలర్‌ మారాలి. రెండు గేర్ల కోసం బయల్దేరినవాడు సగం సైకిలు కొనుక్కుని ఇంటికొస్తాడు.

డిస్కు బ్రేకులదీ ఇదే తంతు. వాటిని బిగించడానికి ఫ్రేము మీద, ఫోర్కు మీద ప్రత్యేకంగా చోటుండాలి. హబ్బుకి డిస్కు పట్టాలి. లేకపోతే కుదరదు, అంతే. ముందు ఫోర్కు విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. 80 మిల్లీమీటర్ల ఫోర్కు కోసం తయారైన ఫ్రేముకి గొప్పకోసం 120ది తగిలిస్తే సైకిలు ముందు భాగం పైకి లేస్తుంది, హ్యాండిల్‌ తీరు మారిపోతుంది, ఫ్రేము మెడమీద భారం పెరుగుతుంది. దిగుడులో అది విరిగితే పోయేది డబ్బు కాదు. ఇలాంటివి ఏ ప్రకటనలోనూ రాయరు. అంతకుముందే చేతులు కాల్చుకున్న తోటి రైడరే చెప్పాలి. టీ కొట్టు ముచ్చట్లకి అసలు విలువ అదే!

ఇక బరువు. ప్రపంచస్థాయి పోటీల్లోనే 6.8 కిలోల కన్నా తేలికైన సైకిల్ని అనుమతించరు. మనవాళ్లు మాత్రం గ్రాములు లెక్కపెడతారు. 75 కిలోల మనిషి, 10 కిలోల సైకిలు... కలిపి 85. వేలు పోసి ఒక కిలో తగ్గిస్తే మొత్తంలో తగ్గేది ఒక శాతం పైచిలుకు. గంటసేపు ఎక్కే కొండమీద కలిసొచ్చేది ముప్పావు నిమిషంలోపే. వికారాబాద్‌ దగ్గర అనంతగిరి ఎత్తు ఎక్కాలంటే సైకిలు బరువుకన్నా ముందురోజు రాత్రి తిన్న బిర్యానీ బరువే ఎక్కువ అడ్డం!

మరి డబ్బులు దేనికి పెట్టాలి? మొదట టైర్లు. మౌంటెన్‌ బైకులకి గుబ్బల టైర్లుంటాయి. మట్టిదారికి అవి ప్రాణం. తారురోడ్డు మీద మాత్రం జుయ్యిమని మోతా, కాళ్లకి బరువూ. రోజూ రోడ్డుమీదే తొక్కేవాళ్లు నున్నటి టైర్లు వేయిస్తే సైకిలే మారిపోయినట్టుంటుంది. అన్నట్టు, ఒకప్పుడు రోడ్డు సైకిళ్లకి టైరు ఎంత సన్నగా ఉంటే అంత వేగమనేవారు. 23 మిల్లీమీటర్లవే వాడేవారు. ఇప్పుడు పోటీల్లో పాల్గొనేవాళ్లే 28కి మారిపోయారు. గతుకుల్లో కాస్త వెడల్పు టైరే హాయిగా, వేగంగా పోతుందని తేలింది. మన రోడ్లకి ఈ కబురు ముందే తెలియాల్సింది!

రెండోది పైసా ఖర్చులేనిది. సీటు ఎత్తు. సీటుమీద కూర్చుని, పెడలు బాగా కిందికి ఉన్నప్పుడు మడమ దానిమీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అంతే. మోకాళ్ల నొప్పులని సైకిలు మూలన పడేసినవాళ్లలో చాలామందికి కావలసింది డాక్టరు కాదు, ఒక అలెన్‌ కీ.

మూడోది పిల్లల అడుగు స్కేలు. చైను మీద ఒక పిన్నుని సున్నా గీత దగ్గర పెడితే, కొత్త చైనుకి సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు జరిగి ఉంటే చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు జరిగిందంటే పళ్లచక్రాలూ అరిగి ఉంటాయి. చైను దగ్గర ఆదా చేసినవాళ్లు అక్కడ రెండింతలు కడతారు.

చీకట్లో తేలే లెక్క

దూరాలు తొక్కేవాళ్ల అప్‌గ్రేడ్లు వేరేలా ఉంటాయి. ‘బ్రెవే’ అనే యాత్రల్లో 200 కిలోమీటర్లని పదమూడున్నర గంటల్లో, 600ని 40 గంటల్లో పూర్తిచేయాలి. హైదరాబాద్‌లోనూ ఇవి జరుగుతుంటాయి. వీటన్నిటికీ పెద్దన్న పారిస్‌-బ్రెస్ట్‌-పారిస్‌. 1891లో మొదలైంది. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. నాలుగేళ్లకోసారి జరిగే ఈ యాత్ర కిందటిసారి 2023లో జరిగింది. మన దేశం నుంచీ వెళ్లి తొక్కొచ్చారు. రాత్రంతా హైవే మీద లారీల పక్కన తొక్కేవాళ్లకి కార్బన్‌ సోకులు కాదు కావలసింది. ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, వెలుగు పడితే మెరిసే జాకెట్‌. దీపం ఆరిపోతే ఇంకోటి. పంక్చరైతే సొంతంగా వేసుకునే సరంజామా. ఈ రాత్రి ప్రయాణాలు చేసినవాళ్ల సైకిళ్లు చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. కానీ బ్రేకు పట్టుకుంటే ఆగుతాయి!

ఇక పిల్లలకి సైకిలు కొనే నాన్నలకో మాట. ఎదిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్దది కొనేస్తాం. వాడేమో రెండువైపులా స్ప్రింగులున్నదే కావాలంటాడు. చవక సైకిలుకి ఆ స్ప్రింగులు బరువే తప్ప సుఖం కాదు. తొక్కిన బలంలో కొంత వాటిని ఊపడానికే పోతుంది. స్ప్రింగుల్లేని, కాళ్లు నేలకందే సైకిలూ, మంచి బ్రేకులూ చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లు, విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగిలినదాంతో హెల్మెట్‌ కొనొచ్చు.

ఇంతకీ తీసేసిన పాత సామానంతా ఏమవుతుందంటారా? కొన్నాళ్లు బాల్కనీలో అట్టపెట్టెలో ఉంటుంది. ‘ఇది పారేస్తారా, నన్ను పారేయమంటారా’ అని ఇంట్లో గొడవయ్యాక టీ కొట్టు దగ్గరికి చేరుతుంది. ఒకరు వద్దనుకున్న చక్రాలు ఇంకొకరికి సగం ధరకి. ఆ ఇంకొకరి పాత చక్రాలు మొన్ననే తొక్కడం మొదలెట్టిన కాలేజీ కుర్రాడికి, ఊరికే. వాటిని బిగించుకుని వాడు పక్క ఆదివారం వస్తాడు. గోడకి ఆనించి రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటాడు, ఎవరైనా అడుగుతారేమోనని.