బడికి రాని పిల్లలను బడికి రప్పించే దారులు: కొన్ని అసాధారణ ప్రయత్నాలు

కిందటి పాఠంలో విద్యాహక్కు చట్టం గురించి చదివారు. 2009లో వచ్చిన ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ వయసున్న ప్రతి బిడ్డకూ ఉచిత నిర్బంధ విద్య హక్కు అని అది చెబుతుంది. హక్కు ఉంది, చాలాచోట్ల నడిచి వెళ్ళేంత దూరంలో బడీ ఉంది. అయినా కొందరు పిల్లలు బడిలో లేరు. వారికోసం ఏటా జూన్‌లో చేసే ఇంటింటి సర్వేలు, బడిబాట ర్యాలీలు మీకు తెలిసినవే. ఈ పాఠంలో వాటిని పక్కన పెట్టి, అంతగా అలవాటు లేని ప్రయత్నాలను పరిశీలిద్దాం. ముందుగా ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. పాఠం పొడవునా ఆ కుటుంబం మనతో ఉంటుంది.

విజయవాడ గుణదలలో ఏలూరు కాలువ గట్టు మీద ఒక రేకుల ఇల్లు అనుకోండి. తండ్రి ముఠా కూలీ. తల్లి తెల్లవారి ఏడింటికల్లా నాలుగిళ్ళలో పాచిపనికి వెళుతుంది. పెద్దమ్మాయికి 11 ఏళ్ళు. వేరే జిల్లాలో మూడో తరగతి చదువుతుండగా కుటుంబం ఇక్కడికి వచ్చేసింది. టీసీ తెచ్చుకోలేదు. ఇంట్లో ఏడాదిన్నర తమ్ముడు ఉన్నాడు. తల్లి తిరిగి వచ్చేదాకా వాడిని ఎత్తుకునేది ఈ అమ్మాయే. పది నిమిషాల నడకలో ప్రభుత్వ పాఠశాల ఉంది.

ఈ అమ్మాయి బడికి రావాలంటే ఏం చేయాలి? ఇలాంటి ప్రశ్నకు విద్యార్థులు రాసిన జవాబులు చాలా ఏళ్ళు దిద్దాను. నూటికి తొంభై మంది మొదటి వాక్యం ఒకటే: తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలి. ఈ తల్లికి చదువు విలువ తెలియదని మనకు ఎవరు చెప్పారు? పాచిపని చేసే ప్రతి ఇంట్లోనూ చదువుకున్న పిల్లలను ఆమె రోజూ చూస్తోంది. అమ్మాయిని ఆపుతున్నవి వేరే ఉన్నాయి: ఎత్తుకోవలసిన తమ్ముడు, లేని టీసీ, పదకొండేళ్ళ వయసులో ఎనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చోవలసిన సిగ్గు. ఇక్కడి నుంచి మనం చూసే ప్రతి ప్రయత్నాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షించండి. ఇది ఏ బిడ్డకు అడ్డుపడిన దేన్ని తొలగిస్తోంది?

దూరం

కృష్ణా డెల్టాలో దూరమంటే ముందు గుర్తొచ్చేది నీరు. నది సముద్రంలో కలిసేచోట నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవికి వెళ్ళాలంటే పంటు ఎక్కాలి. బయటి నుంచి వచ్చే ఉపాధ్యాయులదీ అదే దారి. గాలివానకు పంటు ఆగితే ఆ పూట పాఠమూ ఆగుతుంది. అలాంటి చోట బిడ్డను బడికి చేర్చడమంటే రేవునూ వంతెననూ చూసుకోవడమే. విద్యాశాఖ ఒక్కటే చేయగల పని కాదది.

నేల మీది దూరానికి బాగా పరిశీలనకు వచ్చిన ఉపాయం సైకిల్. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన బాలికలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తిక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఈ పథకాన్ని అధ్యయనం చేశారు. ఆ వయసు బాలికల్లో ఉన్నత పాఠశాలలో చేరినవారు 32 శాతం పెరిగారని తేల్చారు. మనకు ఎక్కువ పనికొచ్చేది ఆ అధ్యయనంలోని మరో మాట: పెరుగుదలలో చాలా భాగం ఉన్నత పాఠశాల మూడు కిలోమీటర్లకు మించి ఉన్న గ్రామాల్లోనే కనిపించింది. ఊళ్ళోనే బడి ఉన్నచోట సైకిల్ పెద్దగా ఏమీ మార్చలేదు. గుంపుగా సైకిళ్ళ మీద వెళ్ళే అమ్మాయిలను చూడటం ఊరికి అలవాటు కావడం కూడా ఒక మార్పే. మన రాష్ట్రంలోనూ బడికొస్తా పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు ఇచ్చారు. మన కాలువ గట్టు అమ్మాయికి మాత్రం సైకిల్ ఇస్తే తమ్ముణ్ణి వెనక కూర్చోబెట్టుకుని తిప్పుతుంది, అంతే.

అన్నం, మాత్ర

మధ్యాహ్న భోజనం ఇప్పుడు మనకు అసాధారణంగా అనిపించదు. ఒకప్పుడు అది వింత ఆలోచనే. మద్రాసు నగరపాలక సంస్థ 1920లలోనే తన బడుల్లో కొందరు పిల్లలకు అన్నం పెట్టింది. కామరాజ్ 1956లో దాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించేనాటికి ఆంధ్ర ప్రాంతం మద్రాసు నుంచి విడిపోయి మూడేళ్ళయింది. మన పిల్లలకు బడిలో వేడి అన్నం క్రమంగా అందడానికి 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు, ఆపైన 2003 జనవరి దాకా నిరీక్షణ అవసరమయ్యాయి. అన్నం హాజరును పెంచుతుంది, ముఖ్యంగా పొద్దున ఏమీ తినకుండా వచ్చే చిన్నపిల్లల్లో.

మాత్ర సంగతి ఇంకా విచిత్రం. కెన్యాలోని బుసియా జిల్లాలో బడిపిల్లలకు నులిపురుగుల మందు ఇచ్చి చూస్తే గైర్హాజరు దాదాపు నాలుగో వంతు తగ్గిందని ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ 2004లో ప్రచురించారు. ఆ లెక్కల మీద తర్వాత పెద్ద వివాదమే నడిచింది. కాబట్టి అంకెను వేదవాక్కుగా తీసుకోకండి. కడుపునొప్పి, రక్తహీనత ఉన్న బిడ్డ బడి మానేస్తుందన్నది మాత్రం ఏ తల్లినడిగినా చెబుతుంది. మన దేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం పాటిస్తున్నారు. గుణదల మాత తిరునాళ్ళు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. ఆ రోజు ఈ చుట్టుపక్కల బడికి రాని పిల్లలకు మాత్ర తర్వాతైనా అందిందో లేదో చూసుకోవాలి. ఎందుకంటే ఈ మాత్ర ఎక్కువగా అందేది బడిలోనూ అంగన్‌వాడీలోనూ ఉన్న బిడ్డకే. బడిలో లేని బిడ్డకు పథకం చేరడం ఎంత కష్టమో ఇక్కడ మొదటిసారి కనిపిస్తోంది. డబ్బు దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

తల్లి ఖాతాలో డబ్బు

బిడ్డ బడికి వెళితే తల్లికి డబ్బు ఇవ్వడం మెక్సికోలో 1997లో ప్రోగ్రెసా అనే పథకంతో పెద్ద ఎత్తున మొదలైంది. అక్కడ పై తరగతుల్లో బాలురకంటే బాలికలకు ఎక్కువ మొత్తం ఇచ్చారు. బడి మానడం ఆ వయసులో, ఆడపిల్లల్లో ఎక్కువని లెక్క చూసి తీసుకున్న నిర్ణయమది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 9న చిత్తూరులో ప్రారంభమైన అమ్మ ఒడి పథకం ఏడాదికి 15,000 రూపాయలను, 75 శాతం హాజరు నిబంధనతో, తల్లి ఖాతాలో వేసేలా రూపొందింది. ఒక కుటుంబంలో ఒక బిడ్డకే అన్నది అందులోని పరిమితి. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం చదువుకునే పిల్లలందరినీ లెక్కలోకి తీసుకుంది.

ఈ పథకాలు పేద తల్లి చేతికి డబ్బు ఇచ్చాయి. అది చిన్న మేలు కాదు. అయితే లబ్ధిదారుల జాబితా ఎక్కడి నుంచి తయారవుతుంది? బడి రికార్డుల నుంచి. పేరు నమోదై ఉన్న బిడ్డ తల్లికే డబ్బు వస్తుంది. మన అమ్మాయి పేరు గుణదలలోని ఏ హాజరు పట్టీలోనూ లేదు. కనుక ఆమె తల్లి ఏ జాబితాలోనూ లేదు. బడిలో ఉన్న బిడ్డ మానకుండా ఆపడానికి ఈ డబ్బు పనికొస్తుంది. బడి బయట ఉన్న బిడ్డను వెతికి తీసుకురావడం వేరే పని. ఈ రెంటినీ ఒకటిగా లెక్కకట్టడం మన విద్యా నివేదికల్లో పాతుకుపోయిన పొరపాటని నా అభిప్రాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నమోదు, హాజరు, కొనసాగింపు అనే మూడింటిలో సైకిల్, మధ్యాహ్న భోజనం, తల్లి ఖాతాలో డబ్బు వేటిమీద ఎక్కువగా పనిచేస్తాయి? కారణాలు రాయండి.

డబ్బు ఇవ్వకుండా

వెతికి తీసుకువచ్చే పనిని తెలుగు నేల మీద అందరికంటే పట్టుదలగా చేసిన సంస్థ ఎం.వి. ఫౌండేషన్. రాజనీతి శాస్త్రవేత్త, చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడింది. ఆయన మనుమరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యురాలు శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టి బాలకార్మికుల విముక్తికి పూనుకుంది. ఆమెకు 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఆ రోజుల్లో ప్రభుత్వ విధానం వేరుగా ఉండేది. 1986 జాతీయ విద్యావిధానం పనిచేసే పిల్లలకు అనియత విద్యను సూచించింది. అంటే పగలు పని, సాయంత్రం రెండు గంటల చదువు. శాంతా సిన్హా బృందం దీన్ని ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి బిడ్డా, కూలికి పోయినా ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకున్నా, బాలకార్మికుడే అన్నారు. పగటిపూట నడిచే పూర్తికాలపు బడి తప్ప దానికి మరో మందు లేదన్నారు. అప్పట్లో చాలామందికి ఇది మొండితనంగా తోచింది. పేదరికం పోకుండా పిల్లల పని పోదన్నది పండితుల మాట కదా. కానీ బిడ్డను బడికి పంపినందుకు తల్లిదండ్రులకు ఏ పరిహారమూ ఇవ్వకుండానే వీరు ఊరూరా పిల్లలను పనుల నుంచి తప్పించగలిగారు.

ఎలా సాధ్యమైంది? ఒకటి, పేద తల్లిదండ్రులు తమ పిల్లలకు చదువు కోరుకుంటున్నారన్న నమ్మకంతో మొదలుపెట్టారు. బడి గడప దాటడమే వారికి కష్టమని గ్రహించారు. ఏ నెలలో చేర్చాలి, ఏ కాగితం కావాలి, హెడ్మాస్టరుతో ఎలా మాట్లాడాలి అన్నవి చదువుకున్న ఇంటికి చిన్న సంగతులు. మొదటి తరం కుటుంబానికి అవే గోడలు. ఊళ్ళోని యువకులు ఆ తల్లిదండ్రుల వెంట నడిచి వెళ్ళారు. రెండు, వయసు మీరిన పిల్లలకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. పన్నెండేళ్ళ పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారంలో పారిపోతాడు. అదే వయసువారితో కలిసి కొన్ని నెలలు శిబిరంలో ఉండి చదివితే నేరుగా తన ఈడు పిల్లల తరగతిలో చేరతాడు. మూడు, ఉపాధ్యాయులను విమర్శించి దూరం చేసుకోలేదు. బాలకార్మిక విమోచన వేదిక పేరుతో ప్రభుత్వ ఉపాధ్యాయులే సంఘటితమయ్యారు.

విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చదివితే ఈ శిబిరాల నీడ అందులో కనిపిస్తుంది. బడిలో చేరని, లేదా మధ్యలో మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14 ఏళ్ళు దాటినా ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఆ హక్కు ఉంటుంది.

బడే బిడ్డ దగ్గరకు

బిడ్డను బడికి తేవడం కుదరనప్పుడు బడిని బిడ్డ దగ్గరకు తీసుకుపోయినవారూ ఉన్నారు. భువనేశ్వర్‌లో ఇందర్‌జిత్ ఖురానా అనే ఉపాధ్యాయురాలు 1985లో రైల్వే ప్లాట్‌ఫారం మీదే బడి మొదలుపెట్టారు. పెద్ద జంక్షన్ అయిన విజయవాడకు కూడా ఇల్లు విడిచిన పిల్లలు రైళ్ళలో వచ్చి చేరేవారు. వారికోసం 1989లో డాన్‌బోస్కో సంస్థవారు నవజీవన్ బాలభవన్ ప్రారంభించారు. ముందు స్నేహం, తర్వాత గూడు, ఆ తర్వాతే చదువు అన్న వరుసను ఇలాంటి కేంద్రాలు పాటిస్తాయి. గూడు పెట్టి చదివించే సంప్రదాయం గుణదలకు కొత్త కాదు. 1924లో ఇక్కడి కొండ మీద మేరీమాత విగ్రహాన్ని నిలిపిన ఫాదర్ అర్లాటీ సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమ బాధ్యులే. ప్రభుత్వ పక్షాన 1971లో సర్వేలు గురుకులం, 2004 నుంచి బాలికలకు కస్తూర్బా విద్యాలయాలు ఆ దారిలో వచ్చాయి.

మన అమ్మాయిని కస్తూర్బాలో చేర్చవచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. చేర్చవచ్చు. అప్పుడు తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకోవాలి? తల్లి పని మానాలి, లేదా పక్కింటి మరో చిన్నపిల్ల బడి మానాలి.

ఈ ముడిని సూటిగా విప్పినవారు మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్. 1945లో బోర్డీలో మొదలై, 1957లో కోస్‌బాడ్ కొండకు మారిన వారి వికాస్‌వాడీలో శిశుగృహం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకేచోట ఉండేవి. వార్లీ ఆదివాసీ ఇళ్ళలో అక్క చంకలో తమ్ముడు ఉండటం వారు రోజూ చూశారు. తమ్ముణ్ణి దించి రమ్మని అక్కకు చెప్పలేదు, తమ్ముడితో సహా రమ్మన్నారు. చంటివాడు శిశుగృహంలో, మూడేళ్ళది బాలవాడిలో, అక్క తరగతిలో. పశువులు కాసే పిల్లలకోసం మేత బీళ్ళలోనే బడి నడిపారు.

ఇప్పుడు గుణదలకు తిరిగి వద్దాం. టీసీ లేదన్న కారణంతో ప్రధానోపాధ్యాయుడు ఈ అమ్మాయిని వెనక్కి పంపకూడదు. చట్టంలోని 5వ సెక్షన్ ఆ సంగతి చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేకపోయినా చేర్చుకోవాలని 14వ సెక్షన్ చెబుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు కాగితాలు ఎంత తేలిగ్గా పోతాయో ఈ నగరం చూసింది. వయసు ప్రకారం ఆమె ఆరో తరగతి. ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మిగిలింది తమ్ముడు. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళ పిల్లల నుంచి మొదలవుతుంది. ఏడాదిన్నరవాడిని పగలంతా చూసుకునే శిశుగృహం ఆ బడి దగ్గర కావాలి. తల్లి ఏడింటికి వెళ్ళే వీధిలో అది ఏడింటికే తెరిచి ఉండాలి.

క్షేత్ర అభ్యాసం: మీ ఇంటికి కిలోమీటరు లోపల బడి వేళలో బయట కనిపించే ముగ్గురు పిల్లల కుటుంబాలతో మాట్లాడండి. ఎందుకు పంపడం లేదని అడగకండి. నిన్న పొద్దుట నుంచి రాత్రిదాకా ఆ బిడ్డ ఏ గంటలో ఏం చేసిందో అడిగి రాసుకోండి. పేర్లు రాయవద్దు.