ఊపిరికి వేసిన బిల్లు

మా అక్కయ్య కుమారుడు కర్ణాటక తీరాన మురుడేశ్వరంలో గైడుగా పనిచేస్తున్నాడు. గుడి చూపించే గైడు కాడు, సముద్రపు అడుగు చూపించే గైడు. ఒడ్డుకు కొన్ని మైళ్ళ దూరాన వున్న నేత్రాణి ద్వీపం దగ్గర యాత్రికులను నీటిలోకి దింపి, చేపలనూ పగడాలనూ చూపించి, క్షేమంగా పైకి తీసుకొని రావడం అతని ఉద్యోగం. వానకాలంలో సముద్రం కుదురుగా వుండదు గనుక ఆ పని ఆగిపోతుంది. పోయిన వానకాలంలో అతడు బెంగుళూరు వచ్చి, నీటిలో గాలి పీల్చుకొనే తన రెగ్యులేటరును సర్వీసింగుకు యిచ్చాడు. అంచనా ఖర్చు, పన్నులు గాక, 12,000 రూపాయలు!

బావగారు ఆ కాగితం పట్టుకొని మా యింటికి వచ్చారు. "నువ్వు ఆఫీసులో బిల్లులు చూసేవాడివి గదా, యిందులో యెంత కొట్టివేయవచ్చునో చెప్పవయ్యా. పాడు కాని వస్తువుకు మరమ్మతేమిటి?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే అనిపించింది. యిరవై యేళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసిన మాకు బిల్లు కనబడితే చేయి ముందుగా యెర్రపెన్సిలు మీదికే పోతుంది. అయినా కొట్టివేసే ముందు వస్తువేమిటో తెలియాలి గదా! మేనల్లుణ్ణి కూర్చోబెట్టి అడిగాము.

మన వంటింటి గ్యాసు సిలిండరు మీద రెగ్యులేటరు వుంటుంది. అది లోపలి వత్తిడిని తగ్గించి పొయ్యికి కావలసినంతే పంపుతుంది. డైవరు వీపున వుండే గాలి సిలిండరు సంగతీ అంతే. కాని నిండు సిలిండరులో వత్తిడి మామూలు గాలి వత్తిడికి సుమారు 200 రెట్లు. సిలిండరుకు బిగించే మొదటి దశ దానిని పది రెట్ల దగ్గరకు దించుతుంది. నోట పెట్టుకొనే రెండవ దశ, పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ వున్న నీటి వత్తిడికి సమానంగా గాలి యిస్తుంది. 10 మీటర్ల లోతున ఆ వత్తిడి పైనున్న దానికి రెండింతలు, 30 మీటర్ల లోతున నాలుగింతలు. లోతు మారినకొద్దీ యిది తనంతట తానే సరిచూచుకొంటుంది.

ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమీల్ గన్యాన్ అనే యిద్దరు 1943లో దీనిని రూపొందించారు. యుద్ధకాలపు పెట్రోలు కరువులో మోటారు కార్లను గ్యాసుతో నడపడానికి గన్యాన్ తయారుచేసిన వాల్వే దీనికి మూలం. కనుక గ్యాసు సిలిండరుతో పోలిక మరీ దూరపుదేమీ కాదు.

యిక బిల్లు. మొదటి దశ విడిభాగాలకు 3,500 రూపాయలు, రెండవ దశకు 2,000, ఆక్టోపస్ అనే మరొక రెండవ దశకు 2,000. మూడింటికీ ఒక్కొక్కదానికి కూలి 1,500. కూడిక సరిపోయింది.

కూలి దేనికి? ప్రతి భాగాన్నీ విప్పి, పట్టిన వుప్పును అల్ట్రాసోనిక్ తొట్టిలో వదలగొట్టి, ఓ-రింగులనే రబ్బరు చుట్లనూ వాల్వు సీట్లనూ మార్చి, బిగించి, గేజీ పెట్టి వత్తిడి సరిచూడాలి. వాడినా వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. కుక్కరు గాస్కెట్టు సంగతి మన ఆడవారికి వేరే చెప్పాలా? సీటు అరిగితే సాధారణంగా గాలి ఆగిపోదు. ఆగకుండా బయటికి పోతుంది. లోతులో వున్నవాడికి అదీ ఆపదే, సిలిండరు చూస్తూండగా ఖాళీ అవుతుంది.

ఆక్టోపస్ దగ్గర బావగారు ఆగారు. "యిది యెప్పుడైనా వాడావురా?"

"సాధనలో తప్ప యింతవరకూ అవసరం రాలేదు నాన్నా."

"అయితే 3,500 కొట్టెయ్యవయ్యా!"

మా పెన్సిలు కాగితం మీదికి వెళ్ళింది కూడాను. అప్పుడు వాడు మెల్లగా, "మామయ్యా, అది నాకోసం కాదు. నాతో దిగినవాళ్ళకు గాలి అయిపోతే వాళ్ళ నోటికి యిచ్చేది" అన్నాడు.

మేము పెన్సిలు కింద పెట్టేశాము.

అట్లాగని అడిగినంతా యివ్వాలని కాదు. మా మేనల్లుడు చెప్పిన జాగ్రత్తలు, పిల్లలు డైవింగు నేర్చుకొంటున్న యిళ్ళవారికి పనికివస్తాయని వ్రాస్తున్నాము. సర్వీసు గడువు అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. కొన్ని యేడాదికి లేదా 100 డైవులకు అంటే, మరికొన్ని యేటేటా పరీక్ష చేయించి రెండేళ్ళకు ఒకసారి సర్వీసు చేస్తే చాలునంటాయి. ముందు ఆ పుస్తకం చదవాలి. కొన్ని కంపెనీలు గడువు తప్పకుండా చేయించినవారికి విడిభాగాలు వుచితంగా యిస్తాయి. సముద్రం నుండి రాగానే మంచినీటిలో కడగాలి. కడిగేటప్పుడు మొదటి దశకు మూత బిగించి వుండాలి, రెండవ దశ మీది బొత్తాం నొక్కరాదు. నీడలో ఆరబెట్టాలి. అంచనా ముందే వ్రాయించుకొని, తీసివేసిన పాత భాగాలను అడిగి తెచ్చుకోవాలి. యేడాదికొకసారి సెలవులకు దిగేవారు కొనడం కంటె అద్దెకు తీసుకోవడమే మేలు. అయితే కడసారి సర్వీసు యెప్పుడైందో అడిగే హక్కు వారికీ వున్నది.

వారం తరువాత రెగ్యులేటరుతో పాటు పాత భాగాల పొట్లం వచ్చింది. చొక్కా బొత్తామంత కూడా లేని సీటు మీద గుండ్రంగా గాడి పడి వుంది. బావగారు కళ్ళజోడు పెట్టుకొని దానిని చాలాసేపు చూశారు. తరువాత లేచి గోడనున్న కేలండరు దగ్గరకు వెళ్ళి, "మళ్ళీ యెప్పుడురా?" అని అడిగారు.