పెరటి పూలచెట్లకు కత్తిరింపు

మల్లెపొద మీద కత్తి వేయుటకు ఇల్లాండ్రు సామాన్యముగా నొప్పుకొనరు. పచ్చని కొమ్మను నఱకుట పాపమని మాన్పుదురు. అట్లు జాలితో విడిచిన పొద ఏటేట ముదిరి, లోపల ఎండుపుల్లలతో నిండి, పైకొసలయందు మాత్రము నాలుగు మొగ్గలు తొడుగును. మల్లె పూయునది క్రొత్తగా వచ్చిన రెమ్మలయందు. కావున క్రొత్త రెమ్మలను పుట్టించుటయే కత్తిరింపునకు ప్రయోజనము.

ఇందు కాలనిర్ణయమే ముఖ్యము. రేణిగుంట ప్రాంతమున అక్టోబరు, నవంబరు మాసములలో ఈశాన్య ఋతుపవనపు వానలు ముమ్మరముగా నుండును. డిసెంబరులో గూడ తుపాను భయము తీఱదు. ముసురులో కోసిన గాయము ఆఱక కుళ్లును. కనుక నవంబరు కడపటినుండి డిసెంబరు లోపల వాన తెఱపి చూచి మల్లెను కోయవలెను. అట్లు కోసినచో మార్చి మాసమునుండి పూవు దొరకును. సంక్రాంతి దాటిన పిమ్మట కోసినవారికి ఉగాదికి పూవందదు. తిరుపతి అంగడి మనకు చేరువనే యున్నది. పండుగలకును పెండ్లిండ్లకును మూర వెల పెరుగునప్పుడు మన పొద చిగురు మాత్రమే చూపుచుండిన నష్టమెవరిది?

కోతకు కొలది దినములు ముందుగా నీరు మానవలెను. కొమ్మలను నేలనుండి అడుగున్నర యెత్తున కోసి, ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానినొకటి ఒరసికొనునవి మొదలంట తీసివేయవలెను. పిదప పాదు త్రవ్వి, పొదకు పది కిలోల చొప్పున మాగిన పశువుల ఎరువు వేసి నీరు కట్టవలెను. జాజికి డిసెంబరు కడపటి వారము మంచిది.

మందారమును పలుమాఱు తేలికగా కత్తిరింపవచ్చును. పిండినల్లి పట్టిన కొసలను మాత్రము ఎరువు గుంటలో వేయక కాల్చివేయవలెను. సంపెంగను మల్లెవలె నఱకినచో చెడును; దానికి ఎండుకొమ్మలు తీసిన చాలును. పెద్దకొమ్మను ముందు క్రిందివైపున కొంత కోసి, తరువాత పైనుండి కోయవలెను. లేనియెడల కొమ్మ బరువునకు బెరడు చీలిపోవును.

మొద్దు కొడవలితో కొట్టుటకంటె వాడియైన కత్తెర మేలు. ఒక కత్తెర పది యిండ్లు తిరుగుట మన గ్రామములలో వాడుకయే. తెగులును దానివెంటనే తిరుగును. ఒక తోటనుండి మఱియొక తోటకు పోవునప్పుడు స్పిరిటుతో తుడువవలెను.

ఇక గన్నేరు. ఇది కోతకు చక్కగా లొంగును, కోసినకొలది గుబురుగా చిగిర్చి పూయును. కాని దీని ఆకు, కొమ్మ, పూవు, వేరు అన్నియు విషమే. ఎండినను విషము పోదు. పచ్చి యాకు చేదగుటచే పశువు సామాన్యముగా ముట్టదు. కోసిన రెమ్మలు వాడి గడ్డిలో కలిసినప్పుడే తెలియక మేయును. కొలది యాకులే గుండెను చెఱచి ఆవును చంపగలవు. పచ్చగన్నేరును ఇట్టిదే. కావున కోత నాడు పశువులను దూరముగా కట్టి, రెమ్మలన్నియు ఏరి, గడ్డివామికిని నీటితొట్టికిని ఎడముగా లోతున పూడ్చవలెను. పొయ్యిలో పెట్టరాదు, దాని పొగయు హానికరము. పండ్లపుల్లగా వాడరాదు. పశువు తిన్నదని అనుమానము కలిగినచో నాటుమందులతో ప్రొద్దు పుచ్చక వెంటనే పశువైద్యునికి కబురంపవలెను.