సీత ఎవరు?

ఆటగాడే వీరునిగానో, మాంత్రికునిగానో మారిపోయే పాత కంప్యూటర్ ఆటలను తలచుకొని మురిసిపోయేవారు నేడు ఎందరో ఉన్నారు. వాటికి మూలమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో వెలువరించారు. దానికి పాచికలు, పెన్సిలు, ఊహాశక్తి కావాలి. మనకు పాచికలు కూడా అక్కరలేదు! నోటుపుస్తకంలో చించిన ఒక్క కాగితం చాలు.

సూరత్‌లో మా కాలనీ తెలుగు పిల్లలు 1990లలో వేసవి మధ్యాహ్నాలు ‘రాముడు-సీత’ ఆడేవారు. ఆరుగురికి ఆరు చీటీలు. రాముని చీటీ వచ్చినవాడు అందరి ముఖాలూ పరికించి సీతను కనిపెట్టాలి. పోల్చుకుంటే మార్కులు అతనివి, పొరబడితే సీతవి. మీసాలు మొలుస్తున్న కుర్రవాడు సీత అయితే నవ్వు ఆపుకోవడమే పెద్ద పరీక్ష. ‘రాజా, మంత్రీ, చోర్, సిపాహీ’ ఎరిగిన గుజరాతీ పిల్లలు ఇట్టే కలిసిపోయేవారు. కాని చీటీ చదివిపెట్టమని పక్కవాణ్ణి అడిగి గుట్టు రట్టు చేసుకొనేవారు.

బడిలో తెలుగు లేదు. మన పిల్లలు తెలుగు వ్రాసినది ఎక్కువగా ఆ చీటీలపైనే. ‘శత్రుఘ్నుడు’ అని తప్పులేకుండా వ్రాయగలవానికే చీటీలు వ్రాసే అధికారం. అందుకోసమే ఒత్తులు నేర్చినవారున్నారు.

మొన్నటి సెలవులలో వారి పిల్లలు ఆడారు. ఐదు పేర్లు కూడబలుక్కుని తామే వ్రాశారు. శత్రుఘ్నుణ్ణి మాత్రం నేను వ్రాసి ఇచ్చాను.