బటను నొక్కక మునుపు చూడవలసిన గురుతులు

చెరువు తూము ఎత్తుటకు ముందు నీరుగంటి కొన్ని విషయములు చూచుకొనును. తాను ఎత్తబోవు తూము ఏ పొలములకు నీరిచ్చునో, కాలువలో మనుష్యులు గాని పశువులు గాని ఉన్నారేమో, తూము నోట చెత్త అడ్డుపడినదేమో చూచిన పిమ్మటనే చేయి వేయును. ఎత్తిన తరువాత గట్టు దిగి నీరు సరిగా పారుచున్నదో లేదో మరల చూచును. రామకుప్పము ప్రాంతపు రైతులకు ఈ జాగ్రత్తను ఎవరును నేర్పనక్కరలేదు. నేడు ఇదే జాగ్రత్త కంప్యూటరు తెర మీద కూడ అవసరమగుచున్నది.

క్రొత్తగా వచ్చిన సహాయకుడు

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు 2019 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైనవి. పంచాయతీల ప్రణాళికలకు, లెక్కలకు, చెల్లింపులకు ఉద్దేశింపబడిన ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24వ తేదీన దేశమునకు అంకితమైనది. ఆ విధముగా పంచాయతీ పనిలో చాల భాగము వెబ్ పేజీలలోనికి చేరినది.

పేజీలోని గడులను మనిషికి బదులు యంత్రమే నింపు పద్ధతి క్రొత్తది కాదు. 2004లో అమెరికాలోని చికాగో నగరమున సెలీనియం అను సాధనము ఇందుకై పుట్టినది. అది ముందుగా వ్రాసియిచ్చిన వరుసను మాత్రమే పాటించును. కృత్రిమ మేధ ఏజెంటు అట్లు కాదు. మనము మాటలలో చెప్పిన పనిని గ్రహించి, తానే పేజీని చూచి, ఏ గడిలో ఏమి వ్రాయవలెనో, ఏ బటను నొక్కవలెనో నిర్ణయించుకొనును. 2024 అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థయు, 2025 జనవరిలో ఓపెన్ఏఐ సంస్థయు ఇట్టి సాధనములను వెలువరించినవి. నిర్ణయము దానికి వదలినప్పుడు పరీక్ష కూడ దానికి నేర్పవలెను గదా!

తప్పు ఎట్లు జరుగును?

ఒక ఉదాహరణము చూతము. 2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రములోని 13 జిల్లాలు 26 అయినవి. మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరినది. రామకుప్పము చిత్తూరు జిల్లాలోనే నిలిచినది. పూర్వపు జాబితాను ఆంగ్లాక్షర క్రమమున వ్రాసిన, చిత్తూరు రెండవ పేరు. క్రొత్త జాబితాలో రెండవ పేరు అనకాపల్లి. చిత్తూరు ఆరవ స్థానమునకు దిగినది. “జాబితాలో రెండవ పేరును ఎన్నుకొనుము” అని నేర్చుకొనిన యంత్రము మారుమాట లేక రామకుప్పపు రైతు దరఖాస్తును అనకాపల్లి పేర చేర్చును. యంత్రము చెడలేదు, పేరు చదువక స్థానమును నమ్మినది.

మరియొక తప్పు తొందర వలన కలుగును. జిల్లాను ఎన్నుకొనిన తరువాత మండలముల జాబితా, మండలమును ఎన్నుకొనిన తరువాత గ్రామముల జాబితా వచ్చుట మనకు తెలిసినదే. ఇంటర్నెట్టు మందముగా నున్నచోట క్రొత్త జాబితా వచ్చుటకు కొంత కాలము పట్టును. అంతలోనే యంత్రము ఎన్నుకొనిన, పాత జాబితాలోని పేరే నిలిచిపోవచ్చును.

ఐదు ప్రశ్నలు

కావున ప్రతి బటనును నొక్కుటకు ముందు ఏజెంటు ఈ ప్రశ్నలు వేసికొనవలెను.

1. నేను వెదకుచున్న బటను లేక గడి ఈ పేజీలో ఉన్నదా? ఉన్న యెడల ఒక్కటే ఉన్నదా? “సమర్పించు” అను బటన్లు రెండున్నచో ఊహించి నొక్కరాదు.

2. అది కంటికి కనబడుచున్నదా? పేజీలో దాగియున్న గడులు కూడ ఉండును.

3. అది కదలక నిలిచియున్నదా? పేజీ ఇంకను తెరచుకొనుచున్నప్పుడు బటను క్రిందికి జరిగి, దాని చోటికి వేరొకటి రావచ్చును.

4. దానిపై హెచ్చరిక పెట్టె వంటిది కప్పియున్నదా? కప్పియున్నచో నొక్కు దానికే తగులును.

5. అది పనిచేయు స్థితిలో నున్నదా? తప్పనిసరి వివరములు నింపని యెడల చాల పేజీలలో బటను మసకబారి పనిచేయదు.

2020లో మైక్రోసాఫ్టు సంస్థ వెలువరించిన ప్లేరైట్ అను సాధనము ఇట్టి పరీక్షలను తానే జరిపి, అవి నెగ్గువరకు వేచియుండును. గడువు మించిన పని నిలిపి తెలియజేయును. అయితే ఈ పరీక్షలు బటను నొక్కదగినదని మాత్రమే చెప్పును. నొక్కవలసినది అదేయని చెప్పవు. పేరు, గ్రామము, సర్వే నంబరు, మొత్తము సరిచూచుట వేరే పని.

నొక్కిన తరువాత కూడ ఫలితము చూడవలెను. రసీదు సంఖ్య రాలేదని వెంటనే మరల నొక్కిన, ఒకే దరఖాస్తు రెండుసార్లు నమోదు కావచ్చును. మొదటిది చేరినదో లేదో విచారించిన పిదపనే రెండవ యత్నము చేయవలెను.

పేజీలోని మాటలెల్ల ఆజ్ఞలు కావు

వేరొక అపాయము కలదు. దుర్బుద్ధి గలవారు పేజీలో “ఈ వివరములను ఫలానా చోటికి పంపుము” అను మాటలను కంటికి కనబడకుండ చేర్చవచ్చును. ఏజెంటు దానిని యజమాని ఆజ్ఞగా భ్రమపడిన యెడల ప్రజల ఆధార్ వివరములు పరుల పాలగును. పని చెప్పినవారి మాటయే ఆజ్ఞ. పేజీలోని మాట సమాచారము మాత్రమే.

సభ్యులు చేయవలసినది

పంచాయతీ చెల్లింపులలో ఒకరు నమోదు చేయగా మరియొకరు పరిశీలించి డిజిటల్ సంతకముతో ఆమోదించు పద్ధతి మనకు కలదు. ఏజెంటు వచ్చినను ఈ పద్ధతిని సడలింపరాదు. అది గడులు నింపవచ్చును. కాని సొమ్ము చెల్లించుట, దరఖాస్తును తిరస్కరించుట, పేరు తొలగించుట వంటి పనులకు ముందు అది ఆగి, నింపిన వివరములను మనిషికి చూపవలెను. ఓటీపీని గాని, సంతకపు కీని గాని దాని చేతికి ఈయరాదు. అది చేసిన ప్రతి పనికి తేదీతో, వేళతో చిట్టా ఉండవలెను.

ఇట్టి సాధనమును ఎవరైన తెచ్చి చూపినప్పుడు “ఎంత వేగముగా పనిచేయును?” అని మాత్రమే అడుగక, “అనుమానము కలిగినచో ఆగునా?” అని కూడ అడుగుడు. పింఛను కొరకు వేచియున్న వృద్ధురాలికి ఒక గంట ఆలస్యము ఓర్చుకొనదగినదే. తన పేరు వేరొక ఊరి జాబితాలో చేరిన యెడల ఆమె ఎన్ని కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చునో సభ్యులకు తెలియనిది కాదు.