ఎద్దుల మైదానం నుంచి నీలి ఆవు దాకా

ఆస్ట్రేలియాలో మంచు పడుతుందంటే మన ఊళ్ళలో ఎవరూ ఒక పట్టాన నమ్మరు. కంగారూలు, ఎడారి, క్రికెట్టు – ఈ మూడే వాళ్ళకు తెలిసిన ఆస్ట్రేలియా. ఆగస్టు నెలలో మంచు చూడబోతున్నామని మా పెద్దక్కకు ఫోన్లో చెబితే, "ఆగస్టులో మంచేమిట్రా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. ఇక్కడ ఋతువులు తలకిందులని ఎన్నేళ్ళనుంచి చెబుతున్నా ఆవిడకు ఎక్కదు.

2018లో నా చిన్ననాటి... కాదు, కాలేజీ నాటి మిత్రుడు, కొడుకు దగ్గర మూడు నెలలు ఉందామని సిడ్నీ వచ్చాడు. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. వాడిది కర్నూలు జిల్లా, కృష్ణ ఒడ్డున సంగమేశ్వరానికి దగ్గర్లో ఒక పల్లె. నేను గుంటూరు వాణ్ణి. చదువయ్యాక వాడు ప్రభుత్వోద్యోగంలో చేరి అక్కడే రిటైరయ్యాడు. నేను ఎక్కడెక్కడో తిరిగి ఈ దేశంలో తేలాను. రిటైరైన ఇంజనీర్లిద్దరికి ఒపేరా హౌసు, బ్రిడ్జీ చూడటానికి ఒక్క పూట చాలు. ఆ తర్వాత ఏం చూపించాలి? "రైలెక్కి మంచు కొండల్లోకి పోదాం పద" అన్నాను.

ఒకప్పుడైతే సిడ్నీలోనే రైలెక్కేవాళ్ళం. కూమా ఊరికి 1889లోనే రైలు వచ్చింది. మంచులో ఆడుకోవాలనుకున్న వాళ్ళు రాత్రి సిడ్నీలో బండెక్కి, పొద్దున కూమాలో దిగి, బస్సుల్లో కొండలెక్కేవారట. 1980ల చివర్లో ఆ లైను మూతపడింది. ఇప్పుడు కాన్‌బెరా, కూమా, జిందబైన్‌ల మీదుగా ఆరు గంటలు కారులో పోయి, కొండ పాదం దగ్గర బుల్లక్స్ ఫ్లాట్ అనే చోట రైలెక్కాలి. ఆ రైలు పేరు స్కీట్యూబ్. బుల్లక్స్ ఫ్లాట్ అంటే ఎద్దుల మైదానం. చివరి స్టేషను బ్లూ కౌ, అంటే నీలి ఆవు! "ఎద్దు దగ్గర ఎక్కి ఆవు దగ్గర దిగాలా? ఇది రైలా, పశువుల సంతా?" అన్నాడు మావాడు. పూర్వం వేసవిలో పశువుల మందలను మేపుకోవడానికి ఈ కొండల మీదికి తోలుకొచ్చేవారని చెప్పాను.

మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, అరడజను రొట్టెలు కట్టి ఇచ్చింది. "అన్నయ్యగారూ, చెవులకు మఫ్లరు తీయకండి" అని నాలుగుసార్లు చెప్పింది. మంచుకు కావలసిన బూట్లు, కోట్లు జిందబైన్‌లో అద్దెకు దొరుకుతాయి. సిడ్నీలో కొని డబ్బు తగలేయకండి, వాటితో మళ్ళీ పని పడదు.

రాత్రి జిందబైన్‌లో పడుకున్నాం. పొద్దున్నే లేచి చూస్తే ఎదురుగా పెద్ద సరస్సు, అవతల తెల్లటి కొండలు. నాకు తెలిసిందంతా మావాడికి చెప్పాలని ఉత్సాహం. "ఇది కట్టిన సరస్సురా. స్నోయీ మౌంటెన్స్ పథకంలో భాగం. 1949లో మొదలుపెట్టి 1974లో పూర్తి చేశారు. 16 పెద్ద డ్యాములు, 7 విద్యుత్కేంద్రాలు. ముప్పైకి పైగా దేశాలనుంచి లక్షమందికి పైగా వచ్చి పనిచేశారు. పనిలో 121 మంది చనిపోయారు. అసలు జిందబైన్ ఊరు ఇది కాదు, పాత ఊరు 1967లో ఈ నీళ్ళ కిందికి పోయింది. అదే సంవత్సరం మన నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళొదిలారు, గుర్తుందా?" అంటూ గైడులాగా చెప్పుకుపోయాను. వాడు ఊఁ కొట్టలేదు. చలికి నోరు పెగలడం లేదనుకున్నాను.

రైలు సంగతి చెప్పాలి. పెరిషర్‌కు పోయే రోడ్డు చలికాలంలో మంచుతో జారుతుంటుంది, కార్ల చక్రాలకు గొలుసులు బిగించుకోవాలి, పైకి పోయాక కారు పెట్టే చోటు దొరకదు. అందుకని కారు కిందే వదిలి జనం పైకి పోవడానికి 1987లో ఈ రైలు పెట్టారు. మరుసటి సంవత్సరం బ్లూ కౌ దాకా పొడిగించారు. మొత్తం ఎనిమిదిన్నర కిలోమీటర్లు. పట్టాల మధ్య పళ్ళున్న మరో పట్టా ఉంటుంది. రైలు కింది పళ్ళచక్రం దాన్ని పట్టుకుని పాకుతుంది. మన ఊటీ రైలు పద్ధతే. కాకపోతే ఊటీ రైలు 12 అడుగుల దూరానికి ఒక అడుగు ఎక్కితే, ఇది 8 అడుగులకే ఒక అడుగు ఎక్కుతుంది, అదీ కరెంటుతో. బుల్లక్స్ ఫ్లాట్ 1,125 మీటర్ల ఎత్తున ఉంటే, పెరిషర్ 1,720 మీటర్లు. తూర్పు కనుమల్లో మన ఆంధ్రదేశపు శిఖరాలేవీ 1,700 మీటర్లు దాటవు. అంటే మన కొండలన్నిటికంటే ఎత్తున ఇక్కడొక రైల్వే స్టేషను ఉందన్నమాట!

భుజాన స్కీలు మోసుకుంటూ పిల్లలు, పెద్దలు బిలబిలా ఎక్కారు. ఆ బూట్ల చప్పుడు గుర్రాల డెక్కల చప్పుడులా ఉంది. స్కీలు లేనిది మా ఇద్దరికే, మాకున్నది పులిహోర డబ్బా. బండి కదిలి త్రెడ్బో నది దాటింది. రెండువైపులా స్నో గమ్ చెట్లు. మంచు బరువుకు వంకర్లు తిరిగిపోయినా ఆకు మాత్రం రాల్చవు. పచ్చటి ఆకుల మీద తెల్లటి మంచు! మావాడు కిటికీకి ముక్కు ఆనించాడు. అరకు రైల్లో మా క్లాసు వాళ్ళందరం పాటలు పాడుకుంటూ సొరంగాలు లెక్కపెట్టిన సంగతి గుర్తుచేశాను. 58 అని నేను, మధ్యలో నిద్రపోయి 40 దగ్గర ఆపేసింది వాడు.

ఇంతలో చీకటి. ఈ రైలు మూడొంతుల్లో రెండు వంతులకు పైగా కొండ లోపలే పోతుందని నాకు తెలుసు గానీ వాడికి చెప్పలేదు. మొదటి సొరంగమే 3.3 కిలోమీటర్లు. పెరిషర్ దాటాక ఇంకోటి 2.6 కిలోమీటర్లు. కిటికీలో మా మొహాలు తప్ప ఇంకేం కనబడటం లేదు.

"యాడుందిరా మంచు?" అంటాడనుకున్నాను. వాడు ఇంకేదో అన్నాడు. "మా ఊరు గూడా నేనే కొలిచినా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. 1981లో శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయని, వాటిలో వీడి ఊరొకటని తెలుసు. అంతకు మించి వాడెప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మునిగే ఇళ్ళకు వెల కట్టే పని వాడి మీద పడిందట. వాడి సొంత ఊరు వేరే అతని వంతు. ఆయనకు జబ్బు చేసింది. "నేను పోనంటే ఉద్యోగం పోతుందేమోనని భయపడి పోయినా" అన్నాడు. తమ ఇంటిని కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేకపోతే వాళ్ళ నాన్నే వచ్చి పట్టుకున్నాడు. ఇల్లెంత పాతదైతే అంత తరుగుదల తీసేయాలి. మిగతా ఇళ్ళకు నాలుగేళ్ళు అటూఇటూగా చిన్నవి చేసి రాసినవాడు, సొంత ఇల్లని ఎవరైనా అంటారేమోనని, తమ ఇంటికి మాత్రం ఉన్న వయసంతా రాశాడు. అరవై ఏళ్ళు. ఊళ్ళో ఆ పాటి ఇళ్ళన్నిటికంటే వాళ్ళ ఇంటికే తక్కువ వచ్చింది.

"నాయన ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమీ అనలే. ఎంతొచ్చిందని గూడా అడగలే. ఆత్మకూరులో బాడుగ ఇంట్లో నాలుగేండ్లుండి పోయినాడు. ఆ నాలుగేండ్లలో నాతో వానల గురించి, ఎద్దుల గురించి మాట్లాడినాడు గానీ ఇల్లు అనే మాట ఎత్తలే."

పెరిషర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. సగం మంది గోలగా దిగిపోయారు. చల్లగాలి కొట్టింది. మళ్ళీ చీకటి. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "నిజమే రాశావు కదరా" అన్నాను. "ఇరుగుపొరుగుకు అబద్ధం రాసి, ఆయనకు మాత్రం నిజం రాసినా" అన్నాడు.

బ్లూ కౌలో కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగాం. బయట ఎటు చూసినా తెలుపే. కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ. నల్ల కళ్ళద్దాలు లేకుండా వెళ్ళకండి, మేము అదే పొరపాటు చేశాం. మూడేళ్ళ పిల్లలు జర్రున జారిపోతున్నారు. మావాడు బయటికి పోయి పిడికెడు మంచు తీసి నోట్లో వేసుకుని, "నిమ్మసోడా బండోడు గీరిచ్చే ఐసే బాగుంటాది" అన్నాడు. పులిహోర అక్కడే తిన్నాం. చలికి గడ్డకట్టినట్టున్నా బాగానే ఉంది.

సాయంత్రం జిందబైన్‌లో కారు ఆపమన్నాడు. సరస్సు గట్టున చాలాసేపు నిలబడ్డాడు. వీళ్ళకు ముందు ఇళ్ళిచ్చి తర్వాత నీళ్ళు వదిలారా అని అడిగాడు. కొత్త ఊరు ముందే కట్టారని చెప్పాను. దగ్గర్లోని ఆడమినబీ ఊళ్ళో అయితే, 1950లలో, వందకు పైగా కట్టడాలను లారీలకెత్తి కొత్తచోటికి తరలించారు. 2007 కరువులో అక్కడ నీళ్ళు తగ్గి పాత ఊరి శిథిలాలు బయటపడితే జనం పోయి చూసి వచ్చారు. ఇల్లు లారీ ఎక్కినంత మాత్రాన అందరూ సంతోషంగా వెళ్ళారని కాదు. అది కూడా చెప్పాను. "సంగమేశ్వరం గుడీ అంతే, ఎండాకాలం బయటపడతాది. మావాళ్ళు పిలుస్తానే ఉంటారు. నేనే పోలే" అన్నాడు.

మరుసటి ఏడు ఏప్రిల్లో వాడి దగ్గర్నుంచి ఫోను. వెనక గాలి హోరు, ఎవరో పిల్లల అరుపులు. నీళ్ళు బాగా తీశాయట, గుడి చూసి, అక్కడనుంచి తమ ఊరి జాడ వెతుక్కుంటూ పోయాడట. ఎక్కడ చూసినా ఒండ్రు, పునాదిరాళ్ళు. తమ వీధి దొరికింది గానీ ఇల్లేదో తేలలేదన్నాడు.

"నేను కొలిచిన కొలతలు ఇంకా నోటికొస్తాయిరా. ముప్పై రెండడుగులు, ఇరవై నాలుగు. టేపు తెచ్చుకోవాల్సింది" అన్నాడు.

మర్నాడు మళ్ళీ వస్తానని, టేపు రెండో కొస పట్టుకోవడానికి మనవణ్ణి తీసుకొస్తానని చెప్పి పెట్టేశాడు.