లెక్కకు నిండు, తూకానికి తరుగు: కొబ్బరికి నల్లి దెబ్బ

విజయవాడ: కొబ్బరికాయ బేరం వెయ్యి లెక్కన సాగుతుంది. కొనసీమలోని అంబాజీపేట మార్కెట్టులో కురిడీని సైతం గండేరా, గటగట అని వేరుచేసి వెయ్యి లెక్కనే అమ్ముతారు. కొత్త కొబ్బరి మాత్రం క్వింటాళ్లలో తూగుతుంది. నల్లి తెచ్చే నష్టం ఈ రెండు లెక్కల నడుమ దాగి ఉంది. లారీలో కాయల సంఖ్య తగ్గదు. కొట్టి ఎండబెట్టాక బస్తాలు తగ్గుతాయి.

కంటికి ఆనని ఈ ఎరియోఫిడ్ నల్లిని 1965లో మెక్సికోలోని గెరెరో రాష్ట్రపు కాయలపై గుర్తించి వర్ణించారు. మన దేశంలో 1998లో కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో బయటపడి, అనంతరం ఆంధ్ర తీరానికీ పాకింది. ఇది గాలి ద్వారా వ్యాపిస్తుంది. కృష్ణా డెల్టాలో కాలువ గట్లపై, పొలం గట్లపై, పెరళ్లలో చెట్లు చెదురుగా ఉన్నందున ఒక్క రైతు మందు వాడితే చాలదు.

నల్లి పిందె ముచ్చిక రేకుల అడుగున చేరి రసం పీలుస్తుంది. అక్కడ ఏర్పడే తెల్లని మచ్చ క్రమేపీ గోధుమ రంగుకు తిరిగి బీటలు వారుతుంది. కాయ చిన్నదవుతుంది, పీచు గట్టిపడి ఒలుపు కష్టమవుతుంది. లోపలి కొబ్బరిని నల్లి తాకదు గనుక కాయ తినడానికి పనికివస్తుంది. అయితే ఒలిచిన కాయపై మచ్చ కనిపించదు. కొనుగోలుదారునికి మిగిలే ఆధారం పరిమాణం, తూకమే.

నల్లి దిగుబడిని తీస్తే, గానోడెర్మా శిలీంధ్రం చెట్టునే తీస్తుంది. వేళ్లు కుళ్లి, మొదలు వద్ద ఎర్రని గోధుమ రంగు జిగురు కారుతుంది, మట్టలు వాలిపోతాయి. చెట్టు పోతే తిరిగి కాపు అందడానికి ఏళ్లు పడుతుంది.

నల్లికి 1 శాతం అజాడిరక్టిన్ వేపమందు 10 మిల్లీలీటర్లను అంతే నీటితో కలిపి వేరు ద్వారా ఎక్కించడం సిఫారసులో ఉంది. గానోడెర్మాకు చెట్టుకు 5 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా కలిపి వేస్తారు. వేరు మందు ఎక్కించాక 45 రోజుల వరకు కాయ దింపరాదు. ఆ మేరకు సరుకు రాక వెనుకబడుతుంది.

అందుచేత తోట బేరం చేసే వర్తకులు మందు వేసిన తేదీని ముందే అడగడం, వంద కాయలు తూచి చూసి ధర చెప్పడం శ్రేయస్కరం. వెయ్యి అనే మాట నిజమే కావచ్చు. ఎండిన తరువాత దానికి సాక్ష్యం చెప్పేది కాటా.